మీ నాయన్ని అడుగు

మార్కాపురంలో చలి పెడతదంటే నవ్వేవాళ్ళు చాలామంది ఉన్నారు. మే నెలలో బస్సు దిగి, ఒక సోడా తాగి, వీపు మాడగొట్టుకుని పోయినోళ్ళు వాళ్ళంతా. డిసెంబరు తెల్లారుజామున నల్లమల దిక్కు నుంచి గాలి దిగేటప్పుడు వచ్చి చూడమనండి. నాకైతే ఆ గాలంటే ఇష్టం, దాచుకునేదేముంది. అది వీస్తేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. మేం దూదేకులోళ్ళం, దూది బొంతలు, పరుపులు, దిండ్లు కుడతాం. నా పేరు హజరత్ వలి, తర్లుపాడు రోడ్డులో దుకాణం. ఫోము పరుపులు వచ్చినాక జనం వాటి మీద ఎగిరెగిరి పండుకుని, నడుములు పట్టుకుని డాక్టర్ల కాడికి పోతున్నారు. పోనీ, వాళ్ళ నడుము వాళ్ళిష్టం.

పోయిన డిసెంబరులో ఒక పొద్దున దానమ్మ దుకాణానికి వచ్చింది. ఆమె మగ్దలీనమ్మ టీచరు ఇంట్లో వంటా పనీ చూస్తది. టీచరమ్మ నన్ను రమ్మంటున్నదనీ, మొక్కలకి బొంతలు కావాలంటనీ చెప్పి, నేను నవ్వుతానేమోనని ముందు ఆమే నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ టీచరు ఇంటి గడప నేను ఎన్నడూ తొక్కలేదు. ముప్పై అయిదేళ్ళుగా ఆ వీధిలో పోవాల్సి వచ్చినా సందు చుట్టు తిరిగి పోతున్నా.

ఎందుకో చెప్తా. నేను ఏడో క్లాసు చదివేటప్పుడు ఆమె మాకు సైన్సు చెప్పేది. అర్ధ సంవత్సరం పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న ఒకటి వచ్చింది. చలికాలంలో ఉన్ని దుస్తులు ఎందుకు ధరిస్తాము? చూసి సంతోషపడినా. దూదేకులోడి కొడుకుని, ఇంటినిండా బొంతలు, ఈ సంగతి నాకంటే బాగా తెలిసినోడు ఎవడు? 'ఉన్నిలో వేడి ఉంటుంది కాబట్టి' అని గుండ్రంగా రాసినా. పేపరు తిరిగి వచ్చింది. ఎర్ర సిరాతో కోడిగుడ్డంత సున్నా. సున్నా పక్కన, 'ఇంటికి పోయి మీ నాయనను అడుగు' అని రాసి ఉంది.

ఆ ముక్కని క్లాస్ ఫస్ట్ ఆనంద్ బాబు పైకి చదివినాడు. వాడికి ఆ ప్రశ్నకి రెండుకి రెండు వచ్చినాయి లెండి. క్లాసు మొత్తం నవ్వింది. మా నాయన దస్తగిరికి వేలిముద్ర తప్ప సంతకం రాదని అందరికీ తెలుసు. నీకు చదువెందుకురా, పోయి మీ నాయనతో దూది ఏక్కో అని ఆమె రాసిందని నాకు అర్థమయింది. ఆ పేపరు ఇంట్లో చూపించలా. ఒక దిండులో కూరి, దూదితో పాటు కుట్టేసినా. ఆ దిండు బేస్తవారిపేట నుంచి వచ్చినోళ్ళు ఎవరో కొనుక్కుపోయినారు. దాని మీద వాళ్ళకి నిద్ర ఎట్ల పట్టిందో ఏమో. మరుసటి వారం నుంచి నేను బడికి పోలేదు. నాయన ఎందుకని ఒక్కసారి అడిగి, నేను పలకకపోతే దూది ఏకే విల్లు నా చేతికిచ్చినాడు.

"నువ్వు పో" అన్నది మా ఆవిడ షహనాజ్. "ఒక సున్నాని ఇన్నేళ్ళు సంకలో పెట్టుకుని తిరుగుతున్నావు. పోయి ఆమె ఇంట్లోనే దించిరా."

పోయినా. టీచరమ్మ కిటికీ పక్కన మంచం మీద ఉంది. దసరాకి బాత్రూంలో జారిపడి తుంటి విరిగిందంట, ఆపరేషనయింది, ఇంకా లేచి నడవడం లేదు. మనిషి సగమయింది గాని కళ్ళజోడులోంచి చూసే చూపు అదే. నన్ను చూసి దస్తగిరి కొడుకువి కదరా అన్నది. నా పేరు గుర్తు లేదు, మా నాయన పేరు గుర్తుంది. అక్కడే నాకు సగం మండింది.

కిటికీ బయట పెరట్లో ఇనప పైపుల పందిరి ఉంది. దానికి పన్నెండు చెక్కబుట్టలు వేలాడుతున్నాయి. ఒక్కదాంట్లో పిడికెడు మట్టి లేదు. మొక్క బుట్టలో కూర్చుని, వేళ్ళన్నీ కిందికి గాల్లో వేలాడేసుకుని ఉంది. మా దిక్కు చెట్ల కొమ్మల మీద ఇట్లాంటివే పెరుగుతాయి, బదనికలంటాం. అదే మాటన్నా. బదనిక పక్కచెట్టు రక్తం తాగి బతుకుతుందనీ, ఇది ఆర్కిడ్ అనీ, పేరు వాండా అనీ, గాల్లో తేమ తాగి తన కష్టం మీద తాను బతుకుతుందనీ మంచం మీద నుంచే పాఠం చెప్పింది. మళ్ళీ బదనిక అంటే గోడ కుర్చీ వేయిస్తాననే లాగ చూసింది.

ఆ మొక్కలు పంపించింది ఎవడనుకున్నారు, ఆనంద్ బాబే. కేరళలో రైల్వే ఉద్యోగమంట. ఆమె రిటైరయిన ఏడు పదిహేను మొక్కలు పార్సిల్ చేసినాడు. అక్కడ ఏడాది పొడుగునా వెచ్చగా ఉంటది, ఇక్కడి చలికి మూడు పోయినాయి. ఇంట్లో పెడితే వెలుతురూ గాలీ లేక వేళ్ళు కుళ్ళుతాయి. అందుకని చలికాలం సాయంత్రం పన్నెండు బుట్టలూ ఒకటొకటిగా లోపలికి మోసి, పొద్దున్నే మళ్ళీ బయట తగిలించేదంట ఆ ముసలామె. ఈ ఏడు లేవలేదు. దానమ్మ నాలుగింటికే బస్సెక్కి వాళ్ళ ఊరు పోతది, బుట్టలు మోసేటోళ్ళు లేరు.

"ఇన్నేళ్ళలో ఒక్క పువ్వు పూయలేదు" అన్నది టీచరమ్మ. "ఇప్పుడు ఆ మూల బుట్టకి కంకి వచ్చింది చూడు. ఏడు మొగ్గలు. అది విచ్చుకోవడం నేను చూడాలి హజరత్." పేరు గుర్తొచ్చినట్టుంది. ఆమె గొంతులో అంత చిన్న కోరిక ఎన్నడూ వినలేదు నేను.

ఏం కావాలో చెప్పింది. వెడల్పాటి గుడ్డ ఒకటి, పందిరి మొత్తం కప్పి నాలుగు దిక్కులా నేలకి ఆనేటట్టు. ఆకులకి తగలకూడదు. లోపల ఒక బల్బు. సాయంత్రం దించి, పొద్దున ఎండ రాంగానే ఎత్తెయ్యాలి. అంతే. నా చెవికి తగిలినవి 'గుడ్డ', 'బల్బు' రెండే. గుడ్డ కావాలంటే గుడ్డల కొట్టుకి పోవాల, దూదేకులోణ్ణి పిలిపించేదెందుకు? ఇంక బల్బంటే మరీ మండింది. నా బొంత కింద పండుకుని చలి అన్నోడు ఈ తాలూకాలో లేడు, దాని లోపల మళ్ళీ బల్బు పెట్టడమేంది? ఆ రోజే లోపల ఒట్టు పెట్టుకున్నా. ఈ మొక్కల్ని నా బొంతతోనే కాపాడాల, ఆ పువ్వు పూయాల, పూసినాక ఆమె నోటితోనే ఆ సున్నా వెనక్కి తీసుకోవాల.

మూడు రోజులు కూర్చుని పన్నెండు బొంతలు కుట్టినా. బూరుగు దూది దట్టించి, పెళ్ళి పరుపులకి తెచ్చిన ఎర్ర మఖమల్ మిగిలితే అది పైన వేసి, ఒక్కో బుట్టకి ఒక్కోటి, సంచి మాదిరి బిగుతుగా, మెడ కాడ నాడా. కంకి ఉన్నదానికి టోపీ కూడా కుట్టినా. అన్నీ తొడిగి చూస్తే మఫ్లర్లు కట్టుకున్న పెద్దమనుషులు పంచాయితీకి కూర్చున్నట్టు ఉంది. పక్కింటి పిచ్చయ్య గోడ మీద నుంచి చూసి, ఎవరివన్నా పెళ్ళిళ్ళున్నాయా మామా అన్నాడు. టీచరమ్మ కిటికీలోంచి చూసి కుట్టు బాగుంది గాని నేను చెప్పింది ఇది కాదు కదరా అన్నది. మీరు చూస్తా ఉండండి మేడం అన్నా. లేచి వచ్చి నా చేతిలో సూది లాక్కునే ఓపిక ఆమెకి లేదు. సరే, చూద్దాం అని కళ్ళు మూసుకుంది.

తర్వాత రోజు నుంచే చలి ముదిరింది. టీకొట్టు కాడ అందరూ చెవులకి తువ్వాళ్ళు చుట్టుకుని, గ్లాసుని రెండు చేతులా పట్టుకుని తాగుతున్నారు. నా బొంతలు బాగా పోతున్నాయి. నేను రోజూ సాయంత్రం పోయి మొక్కలకి తొడిగి, పొద్దున విప్పుతా ఉన్నా. రెండు రోజులు బాగానే ఉన్నట్టు కనబడినాయి. మూడో రోజు గిద్దలూరులో బంధువుల పెళ్ళి, రాలేకపోయినా, బొంతలు తొడిగినవి తొడిగినట్టే ఉండిపోయినాయి. నాలుగో రోజు పొద్దున వచ్చి విప్పితే రెండు మొక్కల ఆకులు ఉడకబెట్టిన బచ్చలాకు లెక్క నల్లగా జారినాయి. దూది లోపల తడి పట్టి బరువెక్కి ఉంది. కంకికి టోపీ తీసినా. ఒక మొగ్గ ఊడి నా అరచేతిలో పడింది.

ఆ మొగ్గని జేబులో వేసుకుందామనుకున్నా, దేవుడి సాక్షిగా. కిటికీలోంచి ఆమె చూస్తానే ఉంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"హజరత్" అన్నది. "చలికాలంలో ఉన్ని దుస్తులు ఎందుకు ధరిస్తాము?"

నా నెత్తిన పిడుగు పడింది. నేను బండి ఎక్కి వచ్చేసినా. దుకాణంలో కూర్చుని కనపడినోణ్ణల్లా తిట్టినా. దిండు గలీబు అడగొచ్చిన ఒకామెని, ఇంత తలకి గలీబు కూడానా అని పంపించేసినా. షహనాజ్ టీ గ్లాసు నా ముందు పెట్టి, అరిచేది అయిపోతే చెప్పు, అన్నం వండుతా అని లోపలికి పోయింది.

ఎంతసేపని అరుస్తాం. అరిచి అరిచి పక్కనున్న బొంతల దొంతర మీద ఒరిగినా. ఒరిగి, ఎందుకో మడతల మధ్యలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చినా. చల్లగా ఉంది. ఇంకో బొంతలో పెట్టినా. అదీ చల్లగానే ఉంది. ముప్పై అయిదేళ్ళు వాటి పక్కన కూర్చుని బతికినా, ఒక్కనాడు చెయ్యి పెట్టి చూళ్ళేదు. అన్నిట్లోకీ అడుగున మూలనున్న పాత బొంత ఒక్కటి మాత్రం వెచ్చగా తగిలింది. ఇదేంది మాయ అని ఎత్తి చూస్తే లోపల పిల్లి. ఒళ్ళు విరుచుకుని, నిద్ర చెడగొట్టినందుకు నన్నొక చూపు చూసి మళ్ళీ ముడుచుకుంది.

ఆ పిల్లినే చూస్తా కూర్చున్నా. వేడి పిల్లిది. బొంత చేసే పనల్లా దాన్ని బయటికి పోనీకుండా పట్టుకోవడం. మొక్కకి రక్తమా మాంసమా, దాని ఒంట్లో వేడెక్కడిది? చల్లటి మొక్కకి నేను బొంత కప్పి, చలిని లోపల పెట్టి నాడా బిగించినా. పైగా టోపీ.

ఇంక ఆ మొక్కల కింద పిల్లి లాంటిది ఒకటి పెట్టాల. పన్నెండు పిల్లుల్ని యాడ తెస్తాం, తెచ్చినా అవి మాట వింటాయా? బల్బు పెడదామంటే, తడి బుట్టల మధ్య వైరు లాగితే తాను ఆ పెరట్లో అడుగు పెట్టనని దానమ్మ ముందే చెప్పింది. సాయంత్రం ఇదే ఆలోచిస్తా, ఏమన్నా ఉపాయం చెప్తాడేమోనని పిచ్చయ్య కోసం పోయినా. వాడు పలకల ఫ్యాక్టరీలో చేస్తాడు. గేటు కాడ పనికిరాని పలకరాళ్ళు గుట్టగా పోసి ఉంటే వాటి మీద కూర్చున్నా. కూర్చున్నోణ్ణి ఎగిరి లేచినా. పొద్దు గుంకుతున్నా ఆ నల్లరాయి పొయ్యి దించిన పెనం మాదిరి వేడిగా ఉంది. నేను నా వెనకభాగం పట్టుకుని నవ్వడం చూసి పిచ్చయ్య భయపడినాడు.

మరుసటి రోజు ఆటోలో పలకరాళ్ళు వేయించుకుని టీచరమ్మ ఇంటికి పోయినా. పన్నెండు బొంతల కుట్లూ విప్పి, తడి దూది ఎండబెట్టి, అన్నీ కలిపి ఒకే పెద్ద బొంత చేసినా. పందిరి మీద నుంచి నాలుగు దిక్కులా నేలకి ఆనేటట్టు, ఆకుకి తగలకుండా. అంటే ఆమె మొదటి రోజు చెప్పినట్టే. పొద్దంతా రాళ్ళు ఎండలో పరిచి ఉంటాయి. సాయంత్రం అయిదింటికి వాటిని బుట్టల కింద దొంతరగా పేర్చి, పైన బొంత దించుతా. పొద్దున ఎండ తగలంగానే ఎత్తేస్తా. నీళ్ళు పొద్దునే పొయ్యాల, సాయంత్రానికి వేళ్ళు ఆరిపోవాలని దానమ్మకి కూడా చెప్పినా. ఆమె నాకేసి చూసి, ఇదంతా టీచరమ్మ రోజూ చెప్పేదే గదా అన్నది.

పని జరుగుతుందో లేదో తెలియాల గదా. ఇంట్లో జ్వరం చూసే మిషన్ తెచ్చి తెల్లారే పందిట్లో పెట్టినా. అది ఎల్, ఓ అని రెండు అక్షరాలు చూపించి ఊరుకుంది. టీచరమ్మ కిటికీలోంచి చూసి, తుంటి పట్టుకుని మరీ నవ్వింది. అది బతికున్న మనుషులకిరా అని, తలగడ పక్క డబ్బాలోంచి పొడుగాటి గాజు థర్మామీటరు ఒకటి తీసి ఇచ్చింది. బడి ల్యాబులోది. రిటైరైన రోజు బడి గుర్తుగా తెచ్చుకుందంట. అంటే దొంగతనమే కదా మేడం అన్నా. సైన్సు అన్నది ఆమె.

బయట పన్నెండు డిగ్రీలు. బొంత లోపల పదిహేడు. రెండుసార్లు చూసినా. మూడోసారి ఆమె చూపించమని కిటికీ దగ్గరికి తెప్పించుకుంది. పదిహేడు అని పైకి చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. కొత్త సంవత్సరం వచ్చిన వారానికి చలి వెనక్కి తగ్గింది. మిగిలిన ఆరు మొగ్గల్లో ఒక్కటి కూడా ఊడలా. ఒక పొద్దున బొంత ఎత్తితే మొదటి మొగ్గ విచ్చుకుని ఉంది. నీలం కాదు, ఊదా కాదు, రెండిటి నడుమ రంగు, రెక్కల మీద సన్నటి గళ్ళు. బుట్ట కొక్కెం నుంచి తీసి కిటికీ కాడికి మోసుకుపోయినా. ఆమె ఊచల్లోంచి వేలు చాపి రెక్క అంచుని తాకింది. నేను ఎదురుచూసిన సమయం అదే, ఆ సమయంలో ఆ మాట అడగాలంటే నాకే సిగ్గేసింది. అయినా అడిగినా. అడక్కపోతే షహనాజ్ ఇంట్లోకి రానియ్యదు.

"మేడం, ఏడో క్లాసులో నాకు సున్నా వేసినారు. వేస్తే వేసినారు. మీ నాయనను అడుగు అని ఎందుకు రాసినారు? ఆయనకి చదువు రాదని తెలిసి కూడా."

ఆమె గుర్తు తెచ్చుకుంది. తర్వాత చెప్పింది. ఆ ఏడు చలికాలం వాళ్ళమ్మకి బాగా మందంగా బొంత కుట్టించాలని మా నాయన దగ్గరికి పోయిందంట. ఎవరు పండుకుంటారు, వయసెంత, మనిషి బలంగా ఉంటదా అని మా నాయన అన్నీ అడిగినాడంట. ఆ సంగతి నాకు తెలుసు. బొంత కోసం వచ్చిన ప్రతివాణ్ణీ పోలీసోడి లెక్క అట్లనే ప్రశ్నలు వేసేవాడు, నాకు తల కొట్టేసినట్టుండేది. నేనైతే సైజు తప్ప ఇంకేం అడగను.

"ముసలామెకి మందం బొంత వద్దమ్మా అన్నాడు మీ నాయన" అన్నది టీచరమ్మ. "ఆమె ఒంట్లో వేడే తక్కువ, అంత దూదిని యాడ వెచ్చజేస్తది, పల్చటిది కుడతా, పక్కలో ఒక మనవణ్ణి పండుకోబెట్టు అన్నాడు. అంత తేలిగ్గా నాకు ఏ కాలేజీలోనూ ఎవరూ చెప్పలేదురా. ఆయన కోసమే ఆ ప్రశ్న పేపర్లో పెట్టినా. దస్తగిరి కొడుకు ఒక్కడన్నా సొంతంగా రాస్తాడనుకున్నా. నువ్వేమో ఉన్నిలో వేడి ఉంటుందని రాసినావు. ఇంట్లో అంత పెద్ద మాస్టరు ఉంటే అడక్కుండా వచ్చినావే అని కోపం వచ్చింది. అందుకని రాసినా."

నాకు ఏడుపొచ్చింది. దాచుకునేదేముంది, ఆ పెరట్లో పూలబుట్ట చేతిలో పట్టుకుని ఏడ్చినా. నాయన పోయి పదకొండేళ్ళయింది. ఇరవై నాలుగేళ్ళు ఆయన పక్కనే కూర్చుని దూది ఏకినా. ఒక్కనాడు, నాయనా, బొంత ఎందుకు వెచ్చగా ఉంటది అని అడగలా. అడిగితే ఒక్క మాటలో చెప్పేవాడు. ఆయన ముసలోళ్ళకి మనవణ్ణి పక్కలో వేసుకోమంటే అదేదో ఎగతాళి అనుకుని నవ్వేవాణ్ణి. చదువుకున్న ఆమె పోయి నేర్చుకుని వచ్చింది, కన్న కొడుకునైన నేను ఆ మాటని తీసుకుపోయి దిండులో కుట్టేసినా.

ఏడ్చినాక కొంచెం తేలికయింది. కింద పేర్చిన పలకరాళ్ళలో నున్నటిది ఒకటి తీసుకుని, బలపం కోసం దానమ్మని అడిగినా. ఆ ఇంట్లో అన్నానికి లేకపోయినా బలపానికి లోటుండదు. రాయి మీద రాసినా: 'బొంతలో వేడి ఉండదు. పండుకున్నోడి వేడి పోకుండా పట్టుకుంటది. మా నాయన దస్తగిరి చెప్పినాడు.' రాసి కిటికీలో పెట్టినా. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, పరీక్ష పేపరు చదివినంత సేపు చదివింది. బలపం తీసుకుని 'పండుకున్నోడి' చుట్టూ సున్నా చుట్టి, పైన 'పడుకున్నవాడి' అని రాసింది. కింద మార్కులు వేసి నా చేతికిచ్చింది.

ఆ రాయి చెరపకుండా సాయంత్రం ఆ మూల బుట్ట కిందే, నీళ్ళు పడకుండా రాసిన దిక్కు కిందికి పెట్టి బొంత దించినా. ఇంటికి పోతే షహనాజ్ గడపలోనే నిలబడి, సున్నా దించివచ్చినావా, ఎన్ని వేసింది అని అడిగింది.

"నాయనకి రెండుకి రెండు" అన్నా. "నాకు ఒకటిన్నర."